ముందు చక్రంలో పిల్లగాలి

చక్రవీడు అనే నగరం ఏ పటంలోనూ కనిపించదు. మీరు వెతకనక్కర్లేదు, నేను వెతికి చూశాను. నీలాల చెరువు నడిమధ్య బోర్లించిన బుట్టలాంటి కొండ ఒకటి ఉంది. ఆ కొండ నిండా ఇళ్ళు. ఆ ఇళ్ళ మధ్య వీధులు ఎంత ఇరుకంటే, ఎంత వంకరంటే, పూర్వం ఎవరో గుర్రాలను తీసుకొస్తే అవి పైదాకా ఒక్క చూపు చూసి తమంతట తామే వెనక్కి వెళ్ళిపోయాయట. అప్పటినుంచి ఆ నగరంలో అందరికీ సైకిళ్ళే. మహారాజు వసుపాలుడు కిరీటం జారిపోకుండా గడ్డం కింద నాడా కట్టుకుని, సైకిలు మీద కొలువుకు వచ్చేవాడు. మహారాణి ముందు బుట్టలో వంకాయలు వేసుకుని అంగడి నుంచి తిరిగి వచ్చేది. పొద్దున్నే వందల గంటలు ఒక్కసారి మోగితే, కొండంతా గజ్జెలు కట్టుకుని లేచినట్టుండేది.

ఆ నగరంలో సైకిళ్ళు బాగుచేసే వరహాలు అనే పనివాడు ఉండేవాడు. అతని కూతురు తాయారు. పంక్చరు వెయ్యడంలో వరహాలుకు ఒక పట్టింపు ఉంది. ట్యూబును నీళ్ళ తొట్టిలో మూడుసార్లు ముంచేవాడు. మొదటి మునక చిల్లు ఎక్కడుందో చూడటానికి. రెండో మునక వేసిన అతుకు నిలిచిందో లేదో చూడటానికి.

"మరి మూడోది ఎందుకు నాన్నా?" అని చిన్నప్పుడు తాయారు అడిగింది.

"మనకు తట్టని చిల్లు కోసం," అన్నాడు వరహాలు. "ప్రతి మునకకూ ఒక లెక్క ఉంది. బద్ధకించావంటే నడిదారిలో ఏడుస్తావు."

తాయారుకు సన్నాయి వాయించే కోదండంతో పెళ్ళయింది. పెళ్ళికి వరహాలు తన చేతులతో ఒక ఆకుపచ్చ సైకిలు తయారుచేసి ఇచ్చాడు. దాని ట్యూబులను కూడా మూడుసార్లు ముంచి మరీ బిగించాడు. కోదండం రోజూ సాయంత్రం దాని హ్యాండిలుకు ఒక మూర మల్లెపూలు చుట్టేవాడు. సైకిలుకు పూలెందుకని ఇరుగుపొరుగు నవ్వితే, "అది మా ఇంటి ఆడపడుచండీ," అనేవాడు.

అప్పటివరకూ నగరం నుంచి అవతలి ఒడ్డుకు వెళ్ళాలంటే సైకిళ్ళను పడవల్లో ఎక్కించాల్సి వచ్చేది. ఆ కష్టం తీరాలని మహారాజు చెరువు మీద కర్రల వంతెన కట్టించాడు. తాయారు పెళ్ళయిన పదకొండో రోజున ఆ వంతెన తెరిచారు. జెండా ఎగరేయడానికి వంతెన పక్కన ఒక పొడవాటి గుంజను మహారాజే వెండి సుత్తితో చెరువులోకి దిగగొట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. కోదండం సన్నాయి అందుకున్నాడు.

పాట సగంలో ఉండగా గాలి ఆగిపోయింది.

ఆగడమంటే మామూలు ఉక్కపోత కాదు. ఎగరబోయిన జెండా గుంజకు అతుక్కుపోయింది. గంట మోగిస్తే ఆ మోత చెయ్యి చాపినంత దూరం కూడా వెళ్ళలేదు. మల్లెపూల వాసన పూలలోనే ఉండిపోయింది. వంటిళ్ళ పొగ కిటికీ దాటి వీధిలోకి వచ్చి, అక్కడే నిలబడిపోయింది. ఇళ్ళ ముందు పెట్టిన సైకిళ్ళు సాయంత్రానికల్లా ఒక్కొక్కటే ఉసూరుమని టైర్ల మీద కూలబడ్డాయి. పంపు కొడితే ట్యూబులోకి ఏమీ ఎక్కలేదు. పది అడుగులు నడిస్తే చాలు, ఎంతటివాడైనా రొప్పుతూ కూర్చోవలసిందే.

కోదండం ఊపిరంతా ఆ క్షణంలో సన్నాయిలో ఉంది. అది మళ్ళీ తిరిగి రాలేదు. అతను వంతెన మీదే ఒరిగిపోయాడు. నలుగురు ఆగి ఆగి వరహాలు ఇంటికి మోసుకొచ్చి పడుకోబెట్టాక, రాజవైద్యుడు ముక్కు దగ్గర అద్దం పెట్టి చూశాడు. అద్దం మీద నిమ్మకాయంత ఆవిరి పట్టింది.

"ప్రాణం ఉంది," అన్నాడు వైద్యుడు. "ఈ ఆవిరి రోజురోజుకీ చిన్నదవుతుంది. అది పూర్తిగా పోయేలోపు నగరానికి గాలి రావాలి. నా దగ్గర దీనికి మందు లేదమ్మా."

మహారాజు రొప్పుతూ, నాలుగు చోట్ల కూర్చుని లేచి, వరహాలు ఇంటిదాకా నడిచి వచ్చాడు. గుమ్మం మెట్టు మీదే చతికిలబడ్డాడు.

"తెల్లకొండల అవతల గాలవ్వ ఉంటుందని మా తాత చెప్పేవాడు," అన్నాడు. "గాలులన్నీ ఆవిడ మనవలేనట. ఒక గాలిని ఇమ్మని అడగాలి. కానీ వెళ్ళేదెవరు? ఊళ్ళో ఒక్క సైకిలు కదలదు. నడిస్తే వంతెన దాటకుండానే పడిపోతారు."

తాయారు గుమ్మం పక్కన నిలబెట్టిన ఆకుపచ్చ సైకిలు టైరును బొటనవేలితో నొక్కింది. రాయిలా గట్టిగా ఉంది. మూడు మునకల ట్యూబులోంచి ఒక్క బుడగంత గాలి కూడా పోలేదు.

"నేను తొక్కక్కర్లేదు మహారాజా," అంది. "మా ఇంటి నుంచి వంతెన దాకా పల్లమే. ఊరికే కూర్చుంటే చాలు, అదే తీసుకెళుతుంది."

వరహాలు ఒక రేకు డబ్బా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అందులో జిగురు సీసా, ఆకురాయి, మూడు రబ్బరు ముక్కలు ఉన్నాయి. "అద్దం నేను చూస్తూ ఉంటాను," అన్నాడు. "నువ్వు దారి చూసుకో."

తాయారు కోదండం చెవి దగ్గర వంగి, "సగం పాట వినిపించి పడుకున్నారు. మిగతా సగం బాకీ," అని చెప్పి సైకిలెక్కింది.

*

పల్లంలో వచ్చిన ఊపే వంతెన కూడా దాటించింది. అవతలి ఒడ్డు చేరగానే ముఖానికి చల్లగా గాలి తగిలింది. ఆ ఒక్క తాకిడికి తాయారుకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. రెండిటినీ పక్కన పెట్టి మూడు రోజులు ఆగకుండా తొక్కింది. నాలుగో రోజు తుమ్మల అడవి ఎదురైంది.

ఆ అడవిలో ముళ్ళకు ఒక గుణం ఉంది. తొందరలో ఉన్నవాళ్ళ వైపే అవి తిరుగుతాయి. వంద గజాలు వెళ్ళేసరికి ముందు చక్రం బుస్సుమంది. తాయారు దిగి చూస్తే, తుమ్మచెట్టు కింద ఒక ముని కూర్చుని ఉన్నాడు. ఆయన గడ్డం బారెడు పొడవున కొమ్మల్లో చిక్కుకుని ఉంది. పక్కనే కమండలం నిండా నీళ్ళున్నాయి.

"స్వామీ, మీ కమండలం ఒకసారి ఇస్తారా?" అని అడిగింది తాయారు.

"దాహమా? పుచ్చుకో."

"దాహం కాదండీ. ట్యూబు ముంచాలి."

ముని కళ్ళు పూర్తిగా తెరిచాడు. "అమ్మాయీ, ఇవి పన్నెండు నదుల నీళ్ళు. వీటితో నేను శాపాలిస్తాను, వరాలిస్తాను. నువ్వు రబ్బరు గొట్టం ముంచుతానంటావా?"

"చిల్లు ఎక్కడుందో చూసి తీసేస్తానండీ. నీళ్ళకేమీ కాదు."

ఇంత నెమ్మదిగా అడిగిన మనిషిని శపించడానికి ఆయనకు మనసు రాలేదు. తాయారు సైకిలుకు తగిలించిన పంపుతో కొంచెం గాలి కొట్టి, ట్యూబును కొంచెం కొంచెంగా కమండలంలో ముంచుతూ తిప్పింది. ఒకచోట బుడగలు వచ్చాయి. అక్కడ ఆకురాయితో గీకి, జిగురు రాసి, రబ్బరు ముక్క అంటించింది. మళ్ళీ ముంచి చూసింది. బుడగ రాలేదు. ఇంకోసారి ముంచబోతుంటే ముని చెయ్యి అడ్డం పెట్టాడు.

"అతుకు నిలిచిందిగా. మళ్ళీ ఎందుకు?"

"మూడో మునక స్వామీ. మా నాన్న పట్టింపు."

మూడోసారి ముంచేసరికి, వాల్వు పక్కన ఆవగింజంత బుడగ ఒకటి పైకి వచ్చింది. ముని ముందుకు వంగి, దాన్ని చిన్నపిల్లాడిలా చూశాడు. "అరవై ఏళ్ళుగా తపస్సు చేస్తున్నాను," అన్నాడు చివరికి. "ఒకసారి చూసి అయిపోయిందనుకున్నవి ఎన్ని ఉన్నాయో."

తాయారు రెండో ముక్క కూడా అంటించింది. డబ్బాలో ఒక్క ముక్కే మిగిలింది. వెళ్ళే ముందు ఆమె ఒక గంటసేపు కూర్చుని ముని గడ్డాన్ని కొమ్మల నుంచి చిక్కు తీసింది. అంత తొందరలో ఉండి కూడా ఆమె తీరిగ్గా కూర్చోవడం చూసి తుమ్మముళ్ళు అయోమయపడి, అటూ ఇటూ తిరిగి, ఆఖరికి ఆకుల్లోకి ముడుచుకున్నాయి. దారి తెరుచుకుంది.

*

తెల్లకొండల కనుమ దగ్గర పూరిగుడిసెంత ఏదుపంది ఒకటి దారికి అడ్డంగా పడుకుని ఉంది. దాని ముళ్ళు బల్లేల్లా నిలబడి ఉన్నాయి.

"ఆగు," అంది. "ఇటు వెళ్ళేవాళ్ళు నాకు మూడు సంతోషాలు చెప్పాలి. ఒక్కొక్కటీ గుప్పిట్లో పట్టేంత ఉండాలి. పెద్దవి వద్దు. పోయిన ఏడాది ఒక రాకుమారుడు వచ్చి దిగ్విజయాల గురించి చెప్పాడు. నాకు మూడు రోజులు తలనొప్పి."

తాయారు సైకిలు స్టాండు వేసి ఆలోచించింది.

"పెళ్ళయిన మూడో రోజు ఉప్మా చేశాను. ఉప్పు వెయ్యడం మరిచిపోయాను. మా ఆయన ఏమీ అనకుండా తినేసి, ఉప్పు డబ్బా ఎక్కడుందో చూపించమన్నారు. రేపటికి పనికొస్తుందని."

ఏదుపంది వీపు మీద కొన్ని ముళ్ళు వాలాయి. "ఊఁ. ఇంకోటి."

"పొద్దున్నే నా సైకిలు సీటు మీద మంచు పడుతుంది. నేను లేవకముందే వెళ్ళి కండువాతో తుడిచి వస్తారు. నాకు తెలియదనుకుంటారు."

ఇంకొన్ని వాలాయి. "మూడోది?"

"సన్నాయి మూతికి ఒక ఆకు ఉంటుంది. వాయించబోయే ముందు దాన్ని పెదాల మధ్య పెట్టుకుని ఊది చూస్తారు. కోడిపిల్లలా పీక్ మంటుంది. ఎంత పెద్ద రాగమైనా సరే, ముందు కోడిపిల్ల పలకాల్సిందే. వంటింట్లో ఉన్నా నాకు నవ్వొస్తుంది. అది విని ఆరు రోజులైంది."

ఏదుపంది ముళ్ళన్నీ పక్కకు వాలిపోయాయి. అది లేచి దారి ఇచ్చింది. వీపు నుంచి ఒక పదునైన ముల్లు లాగి ఆమె డబ్బాలో వేసింది. "దేన్నైనా కోస్తుంది," అంది. "వచ్చేటప్పుడు ఆగనక్కర్లేదు. మూడోది నాకు చాలా రోజులు వస్తుంది."

*

కొండ అవతల గుహలో గాలవ్వ పీట మీద కూర్చుని ఒక సుడిగాలికి తల దువ్వుతోంది. అది మెలికలు తిరుగుతూ గోల చేస్తోంది. దండేల మీద సముద్రపు గాలులు ఆరుతున్నాయి. ఒక మూల రెండు వడగాలులు కొట్టుకుంటున్నాయి.

"కదలకే, చిక్కు పడుతుంది," అని సుడిగాలి నెత్తిన ఒకటి మొట్టి, అవ్వ తాయారు చెప్పిందంతా వింది. విన్నాక ఒకే ఒక్క మాట అడిగింది.

"ఇదివరకున్న గాలి ఎటు పోయిందే?"

ఆ సంగతి నగరంలో ఎవరూ ఆలోచించలేదు. "తెలీదవ్వా."

"మరి నా పిల్లను పంపిస్తే అదీ అటే పోతుందిగా? దీన్ని ఒక్కసారే వదలగలవు. వదిలిన చోట కుదురుకుంటే వందేళ్ళుంటుంది. కారిపోయిందంటే చచ్చిపోతుంది."

అవ్వ తాయారు పాదాల వైపు చూసింది. పెడల్ రాసుకుని అవి బొబ్బలెక్కి ఉన్నాయి. అవ్వ లేచి, గుహ మూల నిద్రపోతున్న ఒక పిల్లగాలిని ఎత్తుకుని తీసుకొచ్చింది.

"అన్నిటికన్నా చిన్నది. అది వెళతానంటేనే," అంది.

పిల్లగాలి కళ్ళు నులుముకుని, సైకిలు చుట్టూ రెండుసార్లు తిరిగి, గంట మీద కూర్చుని, దిగి, వాల్వులోంచి ముందు ట్యూబులోకి తనంతట తానే దూరింది. తాయారు బిగించింది.

"చూసి మరీ వదులు," అని మాత్రం అంది అవ్వ. ఆవిడ ముక్కు ఎర్రబడింది.

తిరుగుదారిలో తాయారు కోదండం వాయించిన సగం పాటను కూనిరాగం తీస్తూ తొక్కేది. రెండో రోజుకల్లా ముందు చక్రం కూడా ఆ పాటే అందుకుంది. సగం దాకా వచ్చి ఆగిపోయేది. తాయారుకు మిగతా సగం తెలియదు మరి.

దారిలో ఒక పల్లెలో, మండుటెండలో, గున్నమ్మ అనే ఆవిడ పసిబిడ్డను ఒళ్ళో వేసుకుని అరుగు మీద కూర్చుని ఉంది. బిడ్డ ఒళ్ళంతా చెమటకాయలు. ముందు చక్రంలో గాలి కూనిరాగం విని ఆమె లేచి వచ్చింది.

"అమ్మా, దాంట్లో చల్లగాలి ఉన్నట్టుందే. కొంచెం వదలవా? బిడ్డ నిద్రపోయి రెండు రోజులైంది."

తాయారు చెయ్యి వాల్వు మీదకు వెళ్ళింది. అక్కడే ఆగింది. "ఇది నాది కాదక్కా, మా ఊరిది. కొంచెం వదిలితే అంతా ఇక్కడే ఉండిపోతుంది." గున్నమ్మ ముఖం చిన్నబోయింది. "ఉండు, ఇంకో పని చేద్దాం," అంది తాయారు. సైకిలును తిరగేసి నిలబెట్టి, వెనక చక్రం ఊచల మధ్య తాటాకు ముక్కలు దోపి, చేత్తో పెడల్ తిప్పింది. చక్రం గిర్రున తిరిగి అరుగంతా గాలి కొట్టింది. బిడ్డ గుక్క ఆపి, ఆవలించి, నిద్రపోయింది.

"ఇంట్లో పాత రాట్నం ఉంది," అంది గున్నమ్మ ఆకుల వంక చూస్తూ. "దానికి కట్టినా తిరుగుతుందేమో."

"ఎందుకు తిరగదూ," అని తాయారే కట్టి ఇచ్చి మళ్ళీ సైకిలెక్కింది.

*

పదకొండో రోజు మధ్యాహ్నానికి నీలాల చెరువు కనిపించింది. నగరం కనిపించలేదు. కొండ ఉండాల్సిన చోట బూడిదరంగు పొగ ముద్దగా నిలబడి ఉంది. వంతెన మీదకు రాగానే తాయారుకు ఊపిరి బరువైంది. చెరువు అద్దంలా కదలకుండా ఉంది. జెండా గుంజ దగ్గర మాత్రం నీళ్ళలో బుడగలు వస్తున్నాయి. చేపలేమో అనుకుంది. ఆగలేదు.

పొగలోకి దూరాక తన చెయ్యి తనకే కనిపించలేదు. కానీ అది తాయారు పుట్టి పెరిగిన ఊరు. కళ్ళతో పని లేదు. మూడు చిన్న కుదుపులంటే గాజుల వీధి మెట్లు. ఒక పెద్ద కుదుపంటే గానుగ ముందు బండ. ఎడమకు ఒరిగిందంటే కుమ్మరి వీధి మలుపు. ఎక్కడ దిగి తొయ్యాలో, ఎక్కడ ఎక్కాలో కాళ్ళకు తెలుసు. ఊపిరాడనప్పుడల్లా హ్యాండిలు మీద ఒరిగి, లేచి, మళ్ళీ తోసింది. ఇన్నాళ్ళూ విసుక్కున్న ప్రతి గతుకూ ఆ రోజు ఆమె చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించింది.

ఇంట్లో వరహాలు అద్దం పట్టుకుని కూర్చునే ఉన్నాడు. పదకొండు రోజుల్లో పదేళ్ళ ముసలితనం వచ్చినట్టున్నాడు. అద్దం మీద ఆవిరి ఆవగింజంత ఉంది.

మహారాజు గోడకు జారబడి ఉన్నాడు. "తెచ్చావా తల్లీ," అన్నాడు. "వదిలేయ్ తొందరగా."

తాయారు చక్రాన్ని కోదండం ముఖం దగ్గరకు తెచ్చింది. వాల్వు మీద వేళ్ళు పెట్టింది. ఒక్క మర తిప్పితే చాలు. లోపల పిల్లగాలి సగం పాట పాడి ఆగింది.

ఇదివరకున్న గాలి ఎటు పోయిందే?

ఆమె వేళ్ళు వెనక్కి తీసుకుంది. "నాన్నా, చిల్లు చూడకుండా గాలి కొట్టేవాణ్ణి నువ్వేమంటావు?"

"దొంగ మేస్త్రీ అంటాను," అన్నాడు వరహాలు, ఊపిరి కూడగట్టుకుని. తర్వాత కూతురు ముఖం చూశాడు. "చిల్లు మన ఊరికి పడిందంటావా?"

"గుంజ దగ్గర బుడగలు వస్తున్నాయి నాన్నా. చేపలనుకున్నాను."

మహారాజు లేవబోయి లేవలేకపోయాడు. "అతని దగ్గర అంత టైము లేదమ్మా."

"తెలుసు," అంది తాయారు. అద్దం వైపు మళ్ళీ చూడలేదు. చూస్తే ఇక కదలలేకపోయేది. సైకిలు తిప్పి పల్లంలోకి వదిలేసింది.

*

వంతెన మీద బోర్లా పడుకుని నీళ్ళలోకి చూస్తే, అడుగున దిబ్బ అనుకున్నది కళ్ళు తెరిచింది. అది ఒక రాక్షసుడు. జెండా గుంజ అతని వీపులో దిగబడి ఉంది.

"ఎవరమ్మాయ్," అన్నాడు. గొంతు వెంట బుడగలు లేచాయి. "నా పేరు... బుస్... బుస్సాసురుడు. మూడొందలేళ్ళుగా... బుస్... ఇక్కడే పడుకుంటున్నా. మీ గంటలు వింటే గానీ... నిద్ర రాదు. ఇప్పుడు ఎంత పీల్చినా... నిండటం లేదు. గంటలూ... వినబడటం లేదు."

నగరపు గాలంతా అతను పీల్చుకుంటున్నాడు. పీల్చినదంతా చిల్లులోంచి పోతోంది. తాయారుకు అతని మీద కోపం రాలేదు. "ఆ గుంజ కొట్టింది మేమే మామా," అంది. "కింద నువ్వున్నావని ఎవరూ చూడలేదు. కదలకు, బాగుచేస్తాను."

జెండా తాడును వంతెన మొదట్లో ఉన్న తోరణం దూలం మీదుగా వేసి, ఒక కొస గుంజకూ, ఇంకో కొస సైకిలు క్యారియరుకూ కట్టింది. సైకిలును ఆగి ఆగి వీధి మొదటి దాకా తోసుకెళ్ళి పల్లంలో దూకించి, తోరణం కింద నుంచి వంతెన మీదకు దూసుకెళ్ళింది. తాడు బిగుసుకుని, గుంజ ఊడి పైకి లేచింది. రాక్షసుడి చర్మం ముడుచుకుంటూ వచ్చి, రేగుపండంత చిల్లు మిగిలింది. అతను బుడుంగున పైకి తేలాడు.

ఇంత పెద్ద తొట్టిలో ఇంత పెద్ద ట్యూబును వరహాలు కూడా ఎప్పుడూ చూసి ఉండడు. తాయారు అతని వీపు మీద ఎక్కి ఆకురాయితో గీకింది.

"ఒద్దొద్దు... చక్కిలిగిలి," అని మెలికలు తిరిగాడు బుస్సాసురుడు.

"అంత శరీరం పెట్టుకుని సిగ్గులేదూ, కదలకు," అని కసిరి, జిగురు రాసి, మిగిలిన ఒక్క ముక్కా అంటించింది. వంతెన మీదకు ఎక్కి, "ఇప్పుడు మునుగు," అంది.

మునిగాడు. వీపు మీద ఒక్క బుడగ లేదు. తాయారు గుండె ఇంటివైపు లాగింది. ఆవగింజ ఇప్పుడు ఎంతైందో. లేచి ముందు చక్రం వాల్వు దగ్గరకు వెళ్ళి, అక్కడ నిలబడి కళ్ళు మూసుకుంది.

"ఇంకోసారి మునుగు మామా. ఈసారి వెల్లకిలా."

బొడ్డు పక్కన సన్నని బుడగల దారం పైకి లేచింది. గుంజ వీపులోంచి పొట్ట దాకా దిగిందన్నమాట.

డబ్బాలో రబ్బరు ముక్కలు అయిపోయాయి. తాయారు వెనక చక్రం ముందు కూర్చుంది. నాన్న మూడుసార్లు ముంచి, ఒక్క మరక లేకుండా ఇచ్చిన కొత్త ట్యూబు అది. వెనకాడలేదు. గాలి తీసి, టైరు విప్పి, ఏదుపంది ముల్లుతో ట్యూబులోంచి అరచేయంత ముక్క కోసి, రాక్షసుడి పొట్ట మీద అంటించింది. మళ్ళీ మొదటి నుంచి మూడుసార్లు ముంచింది. మూడుసార్లూ చెరువు అద్దంలా ఉంది.

అప్పుడు ముందు చక్రం వాల్వు విప్పింది.

పిల్లగాలి బయటికొచ్చి, ఆమె బుగ్గను ఒకసారి తాకి, కొండ పైకి ఎగిరింది. తాయారు వంతెన మీదే నిలబడి చూసింది. గాజుల వీధి మీద పొగ లేచింది. గానుగ కప్పు కనిపించింది. కుమ్మరి వీధి, తర్వాత అంగడి, ఆ పైన కోట బురుజు, ఒక్కొక్కటే కడిగి పెట్టినట్టు బయటపడ్డాయి. ఎక్కడో ఒక సైకిలు గంట మోగింది. ఇంకోటి. ఆ తర్వాత లెక్క తెలియలేదు. బుస్సాసురుడు వెల్లకిలా తేలుతూ కళ్ళు మూసుకున్నాడు.

తాయారు మాత్రం ఒకే ఒక చప్పుడు కోసం చెవి పెట్టుకుని నిలబడింది. గంటలు మోగుతున్నాయి. కుక్కలు మొరుగుతున్నాయి. ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. అది మాత్రం లేదు.

పీక్.

కొండ మీద నుంచి, సన్నగా, కోడిపిల్లలా.

తాయారు అక్కడే వంతెన కర్రల మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ వెనకే పాట మొదలైంది. సగం దాకా వచ్చింది. ఆగలేదు.

ఇల్లు చేరడానికి ఆమె సైకిలును పైదాకా తోసుకుంటూ వెళ్ళింది. చక్రాలు రెండూ గాలి లేక ప్రతి గతుకులోనూ డబడబలాడాయి. ప్రతి గుమ్మంలోంచీ ఎవరో ఒకరు వచ్చి ఒక చెయ్యి వేశారు. తన వీధి మలుపు తిరిగేసరికి ఆమె తోయాల్సిన పని కూడా లేకపోయింది.

మహారాజు అర్ధరాజ్యం ఇస్తానన్నాడు. "ఈ వీధుల్లో సగానికి గీత ఎక్కడ గీస్తారు మహారాజా," అని తాయారు నవ్వింది. ఆఖరికి ఆమెను వంతెనలకూ దారులకూ మంత్రిని చేశారు. అప్పటినుంచి చక్రవీడులో మేకు కొట్టాలన్నా, గుంజ పాతాలన్నా, మూడుసార్లు చూస్తారు. మూడోసారి వంగి, "మామా, కింద ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతారు కూడా. మొదటిసారి అలా వంగి, క్షమించమని అడిగింది మహారాజే. నాడా సరిగ్గా కట్టుకోక కిరీటం చెరువులో పడితే బుస్సాసురుడే తీసి ఇచ్చాడు.

ఆకుపచ్చ సైకిలుకు వరహాలు కొత్త ట్యూబులు వేశాడు. పాత ముందు ట్యూబును మాత్రం పారెయ్యకుండా గోడకు తగిలించాడు. కిటికీ తెరిస్తే అది ఇప్పటికీ పాడుతుంది. ఇక్కడితో మనం వాళ్ళ ఇంటి తలుపు దగ్గరగా వేసి వచ్చేద్దాం. ఎందుకంటే సాయంత్రం కావస్తోంది. కోదండం హ్యాండిలుకు మల్లెపూలు చుట్టి, వెనక క్యారియరు మీద సన్నాయితో కూర్చుంటాడు. తాయారు తొక్కుతుంది. వంతెన మధ్యలోకి రాగానే రెండుసార్లు గంట మోగిస్తుంది. చెరువు అడుగున ఎవరో హాయిగా అటు నుంచి ఇటు తిరిగి పడుకుంటారు.